ట్రౌట్ పిల్లకు తొట్టి కట్టిన జాలరి

చేపపిల్లల కేంద్రం అనగానే పెద్ద చదువులవాళ్ల సృష్టి అనుకుంటాం. ఫ్రాన్సులో దానికి దారి తీసినవాడు ఒక పేద జాలరి. పేరు జోసెఫ్ రేమీ.

1804లో పుట్టాడు. ఊరు వోజ్ కొండల్లోని లా బ్రెస్. సెలయేళ్లలో ట్రౌట్ చేప పట్టి అమ్ముకోవడమే బతుకుతెరువు. 1840 నాటికి ఏళ్లలో చేప తరిగిపోయింది. వల ఖాళీగా వస్తే పొయ్యి వెలగదు కదా! రేమీ కారణం వెతికాడు. చలికాలపు రాత్రులు ఏటి ఒడ్డున కాపు కాశాడు. తల్లిచేప తోకతో గులకను ఊడ్చి గుంట చేయడం, అందులో గుడ్లు పెట్టడం, పోతుచేప వాటిమీద వీర్యం వదలడం, మళ్లీ గులక కప్పడం కళ్లారా చూశాడు. ఆ పని తన చేతులతో చేశాడు. చిల్లుల రేకు పెట్టెలో గులక పరిచి, గుడ్లు ఉంచి, పారే నీళ్లలో పెట్టాడు. ఊరివాడైన ఆంత్వాన్ జేయాన్ తోడయ్యాడు. పిల్లలు బయటికొచ్చాయి. వాటి తిండికి కప్పగుడ్లు వేశారు.

జర్మనీలో యాకోబీ ఈ పద్ధతిని 1763లోనే అచ్చు వేయించాడు. ఆ సంగతి ఈ జాలరికి తెలియదు. 1843లో రేమీ తన పని ప్రిఫెక్టుకు తెలియజేశాడు. పారిస్ పట్టించుకోలేదు. 1848లో కాత్రఫాజ్ అనే శాస్త్రజ్ఞుడు ఇదే విషయం అకాడమీ ముందు పెట్టాక, వోజ్ విద్వత్సంఘం తమ జాలరి పేరు చాటింది. తర్వాత యునాంగ్‌లో పెద్ద కేంద్రం లేచింది. కీర్తిలో పెద్దవాటా ప్రొఫెసర్ కోస్త్‌కు దక్కింది. రేమీ 1854లో కన్నుమూశాడు.

ఆయన గులక ఎందుకు పరిచాడో మనం గమనించాలి. గుడ్డు పగిలిన ట్రౌట్ పిల్ల కడుపుకింద సొనసంచి కరిగేదాకా రాళ్ల సందుల్లోనే దాగుతుంది. తర్వాత ఒడ్డువార, మెల్లగా పారే లోతులేని నీటిలో తన చోటు పట్టుకుంటుంది. ఒళ్లు పెరిగేకొద్దీ లోతుకు, వడికి జరుగుతుంది. బోడి తొట్టెలో పెరిగిన పిల్ల దాగడం సరిగా నేర్వదు. మేతకు పైకి వచ్చి పిట్టకో పెద్దచేపకో ఎరవుతుంది.

మన బొచ్చె, రాగండి, మోసులకు గులక అక్కర్లేదు. బొచ్చె పైనీటిలో, రాగండి నడిమి నీటిలో, మోసు అడుగున మేస్తాయి. అయినా పిల్ల ఏ నీటిలో నిలుస్తుందో తెలిసి వదలాలన్న సూత్రం ఒకటే. చెరువు సంఘాల సోదరులారా, వదిలిన పిల్లల లెక్కతోపాటు బతికిన పిల్లల లెక్క కూడా అడగండి.