ఎర్నెస్ట్ అమోరీ కాడ్‌మన్

ఎర్నెస్ట్ అమోరీ కాడ్‌మన్ (డిసెంబరు 30, 1869 - నవంబరు 23, 1940) అమెరికాకు చెందిన ప్రముఖ శస్త్రవైద్యుడు. భుజం కీలుకు వచ్చే వ్యాధులపైనా, వాటి శస్త్రచికిత్సపైనా ఈయన చేసిన కృషి నేటికీ వైద్య విద్యలో పాఠ్యాంశంగా ఉంది. భుజానికి శస్త్రచికిత్స జరిగిన తరువాత ముందుకు వంగి, చేతిని గడియారపు లోలకం వలె వేలాడదీసి ఊపే వ్యాయామం ఈయన పేరుతో కాడ్‌మన్ వ్యాయామంగా ప్రసిద్ధి చెందింది. శస్త్రచికిత్స ఫలితాన్ని రోగి ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళిన రోజున కాక, సుమారు ఒక సంవత్సరం తరువాత మళ్ళీ పరీక్షించి నిర్ణయించాలని, ఆ ఫలితాన్ని దాచకుండా ప్రకటించాలని వాదించిన వైద్యులలో ఈయన అగ్రగణ్యుడు. ఆ వాదన కారణంగానే పదవులను, ఆదాయాన్ని, సహచరుల ఆదరణను కోల్పోయాడు.

బాల్యం, విద్యాభ్యాసం

కాడ్‌మన్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోస్టన్ నగరంలో జన్మించాడు. సెయింట్ మార్క్స్ పాఠశాలలో చదివి, 1891లో హార్వర్డ్ కళాశాల నుండి పట్టభద్రుడయ్యాడు. 1895లో హార్వర్డ్ వైద్య కళాశాలలో వైద్య విద్య పూర్తి చేశాడు. తరువాతి కాలంలో మెదడు శస్త్రచికిత్సకు ఆద్యుడిగా పేరు పొందిన హార్వే కుషింగ్ ఈయనకు సహాధ్యాయి.

ఆ రోజులలో శస్త్రచికిత్స సమయంలో రోగికి ఈథర్ మత్తు ఇచ్చే పని వైద్య విద్యార్థులకే అప్పగించేవారు. మత్తు ఎక్కువై రోగులు మరణించడం అరుదు కాదు. ఎవరు మత్తును బాగా ఇవ్వగలరన్న విషయమై కుషింగ్, కాడ్‌మన్ మధ్య పోటీ ఏర్పడింది. ఇద్దరూ 1894లో శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపు రోగి నాడి, శ్వాస వంటి వివరాలను ఒక పటంపై నమోదు చేయడం ప్రారంభించారు. మత్తు వైద్య చరిత్రలో ఈ ఈథర్ పటాలను తొలి నమోదు పత్రాలుగా పరిగణిస్తారు. జరిగినదానిని జరిగినట్లు కాగితంపై పెట్టే ఈ అలవాటు కాడ్‌మన్ జీవితాంతం కొనసాగింది.

1895 చివరలో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. వాటిని వైద్యానికి వినియోగించిన తొలితరం అమెరికన్ వైద్యులలో కాడ్‌మన్ ఒకడు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ఎక్స్-రే చిత్రాలు తీసే బాధ్యత నిర్వహించాడు. ఎక్స్-కిరణాల వలన కలిగిన కాలిన గాయాల వివరాలను సేకరించి 1902లో ఒక అధ్యయనం ప్రచురించాడు. 1899లో కేథరీన్ బౌడిచ్‌ను వివాహం చేసుకున్నాడు.

భుజంపై పరిశోధనలు

1902లో కాడ్‌మన్ మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుల బృందంలో చేరాడు. భుజం నొప్పితో వచ్చే రోగులపై ఆయనకు ప్రత్యేకమైన ఆసక్తి కలిగింది. అప్పట్లో ఇటువంటి నొప్పులను కీలు చుట్టూ వచ్చిన వాపుగానో, బెణుకుగానో, వాతంగానో భావించి కట్టు కట్టి పంపించేవారు. కాడ్‌మన్ శవపరీక్షలలో భుజాన్ని కోసి పరిశీలించి, అసలు లోపం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనడానికి ప్రయత్నించాడు.

భుజం కీలు శరీరంలో అన్నింటికన్న ఎక్కువగా కదిలే కీలు. దండచేయి ఎముక పైభాగాన ఉన్న గుండ్రని తల, రెక్క ఎముకకు ఉన్న లోతు తక్కువ గుంటలో తిరుగుతుంది. గుంట లోతు తక్కువ కావడం వలన ఎముకను పట్టి ఉంచే భారం చాలావరకు చుట్టూ ఉన్న కండరాలపై పడుతుంది. సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్ అనే నాలుగు కండరాల స్నాయువులు కలిసి ఎముక తలను ఒక పట్టీ వలె చుట్టి ఉంటాయి. దీనిని రొటేటర్ కఫ్ అంటారు. దానికి, పైనున్న ఎముక కొనకు మధ్య రాపిడి కలగకుండా బర్సా అనే పలుచని తిత్తి ఉంటుంది.

1906లో కాడ్‌మన్ బిగుసుకుపోయి నొప్పి పెట్టే భుజాలను గురించి వ్రాసిన వ్యాసంలో ఈ తిత్తి ప్రాముఖ్యతను వివరించాడు. క్రమంగా ఆయన దృష్టి తిత్తి నుండి దాని అడుగున ఉన్న సుప్రాస్పైనేటస్ స్నాయువు వైపు మళ్ళింది. అనేక మంది రోగులలో ఈ స్నాయువు ఎముకను అంటుకొనే చోట తెగి ఉండడమే బాధకు కారణమని గుర్తించాడు. 1909లో అలా తెగిన స్నాయువును శస్త్రచికిత్స ద్వారా తిరిగి కుట్టాడు. ఈ విధంగా చికిత్స చేసిన ఇద్దరు రోగుల వివరాలను 1911లో ప్రచురించాడు. అంతకు ముందే జర్మనీలో ఇటువంటి ప్రయత్నాలు జరిగినప్పటికీ, ఈ శస్త్రచికిత్సకు శాస్త్రీయమైన పునాది వేసినది కాడ్‌మన్ అని వైద్య చరిత్రకారులు భావిస్తారు.

శస్త్రచికిత్సకు ముందు

శస్త్రచికిత్స విజయం దానికి ముందు జరిగే పరీక్షపై ఆధారపడి ఉంటుందని కాడ్‌మన్ నమ్మాడు. స్నాయువు పూర్తిగా తెగిందని గుర్తించడానికి ఒక లక్షణాల పట్టికను తయారుచేశాడు. రోగి నలభై ఏళ్ళు దాటి, శారీరక శ్రమ చేసేవాడై ఉండడం, అంతకు ముందు భుజం బాధ లేకపోవడం, క్రింద పడిన వెంటనే క్షణకాలం తీవ్రమైన నొప్పి కలగడం, ఆ రాత్రి నొప్పి తిరిగి విజృంభించడం, చేతిని పైకి ఎత్తే శక్తి పోవడం, ఎక్స్-రేలో ఎముక విరిగినట్లు కనిపించకపోవడం వీటిలో ముఖ్యమైనవి. నిలబడి చేతిని ఎత్తలేని రోగి ముందుకు వంగినప్పుడు మాత్రం అదే చేయి దాదాపు స్వేచ్ఛగా కదలడం మరొక లక్షణం. అంటే కీలు బిగుసుకోలేదని, ఎత్తే స్నాయువే తెగిపోయిందని అర్థం.

పూర్తిగా తెగిన స్నాయువును వీలైనంత త్వరగా కుట్టాలని కాడ్‌మన్ అభిప్రాయం. ఆలస్యమైన కొద్దీ తెగిన కొన వెనుకకు లాగుకొనిపోతుంది, కండరం క్షీణిస్తుంది, తిరిగి ఎముక వద్దకు తేవడం కష్టమవుతుంది. పనిలో గాయపడిన కూలీలకు బెణుకు అని చెప్పి నెలల తరబడి కాలయాపన చేయడం వలన వారు జీవనోపాధిని కోల్పోతున్నారని ఆయన గ్రహించాడు.

శస్త్రచికిత్స తరువాత

భుజాన్ని ఎక్కువ కాలం కదలకుండా కట్టి ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. తొందరపడి చేతిని స్వశక్తితో పైకి ఎత్తితే కుట్టిన స్నాయువుపై బరువు పడుతుంది. ఈ రెండింటి నడుమ మార్గంగా కాడ్‌మన్ వంగి చేసే వ్యాయామాలను ప్రవేశపెట్టాడు. రోగి నడుము వద్ద ముందుకు వంగి, చేతిని వదులుగా వేలాడదీయాలి. అప్పుడు చేయి నేల వైపు వేలాడుతున్నా, మొండెంతో పోల్చినప్పుడు అది ముందుకు ఎత్తిన స్థితిలోనే ఉంటుంది. ఎత్తే పనిని భూమ్యాకర్షణ శక్తి చేస్తుంది గనుక స్నాయువుకు శ్రమ ఉండదు. ఆ స్థితిలో శరీరాన్ని మెల్లగా ఊపుతూ చేతిని ముందుకు వెనుకకు, ప్రక్కలకు, గుండ్రంగా కదలనివ్వాలి. ఏ పరికరమూ అవసరం లేని ఈ పద్ధతి త్వరలోనే ప్రపంచమంతటా వ్యాపించింది.

వైద్యులు సాధారణంగా వాడే ఫ్రోజెన్ షోల్డర్ అన్న పదాన్ని కూడా కాడ్‌మనే 1934లో ప్రవేశపెట్టాడు. క్రమంగా నొప్పి పెరిగి భుజం బిగుసుకుపోయే ఈ వ్యాధిని నిర్వచించడం, వివరించడం, నయం చేయడం మూడూ కష్టమేనని ఆయన అంగీకరించాడు. అయినా కాలక్రమేణా రోగులు కోలుకుంటారని తన అనుభవం ఆధారంగా ధైర్యం చెప్పాడు. చేతిని ఎత్తేటప్పుడు దండచేయి ఎముక, రెక్క ఎముక కలిసి ఒక లయలో కదులుతాయన్న భావనకు కూడా ఆయనే ప్రాచుర్యం కల్పించాడు.

తుది ఫలిత విధానం

ఇంటికి వెళ్ళిన రోగి చేయి నిజంగా పనికి వచ్చిందా లేదా అన్న ప్రశ్న కాడ్‌మన్‌ను విడిచిపెట్టలేదు. ఆసుపత్రులు ఎంతమందిని చేర్చుకున్నదీ, ఎంతమందికి శస్త్రచికిత్స చేసినదీ ప్రకటించేవి కాని, వారిలో ఎంతమంది బాగుపడినదీ ప్రకటించేవి కావు. ప్రతి రోగికి ఒక కార్డు తయారుచేసి, రోగ లక్షణాలు, నిర్ధారణ, చేసిన చికిత్స, వచ్చిన చిక్కులు వ్రాసి, ఒక సంవత్సరం తరువాత రోగిని మళ్ళీ పరీక్షించి ఫలితాన్ని నమోదు చేయాలని, చికిత్స విఫలమైతే కారణం వెదకాలని ఆయన ప్రతిపాదించాడు. దీనికి తుది ఫలిత విధానం అని పేరు.

1911లో బోస్టన్‌లోని పింక్నీ వీధిలో 12 పడకల చిన్న ఆసుపత్రిని స్థాపించి ఈ విధానాన్ని తానే ఆచరించి చూపాడు. 1911 నుండి 1916 వరకు అక్కడ నుండి ఇంటికి వెళ్ళిన 337 మంది రోగుల విషయంలో 123 పొరపాట్లు జరిగినట్లు స్వయంగా ప్రచురించాడు. పొరపాట్లను జ్ఞాన లోపం, నైపుణ్య లోపం, నిర్ణయ లోపం, పరికరాల లేదా శ్రద్ధ లోపం, నిర్ధారణ లోపం అని వర్గీకరించాడు. ఆ నివేదికలను తన ఖర్చుతో ముద్రించి ఇతర ఆసుపత్రులకు పంపాడు.

వివాదం

మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పదోన్నతులు వయసు, అనుభవం ప్రకారం లభించేవి. ఫలితాలను బట్టి ఇవ్వాలని కోరుతూ కాడ్‌మన్ 1914లో తన పదవికి రాజీనామా చేశాడు. వెంటనే, తన చికిత్స ఫలితాలు ఇతరుల కన్న మెరుగైనవన్న కారణంతో తననే ప్రధాన శస్త్రవైద్యునిగా నియమించాలని దరఖాస్తు చేశాడు. ఆసుపత్రి ఈ కోరికను మన్నించలేదు.

1915 జనవరి 6న బోస్టన్ వైద్య గ్రంథాలయంలో స్థానిక వైద్య సంఘం శస్త్రవైద్య విభాగం సమావేశం జరిగింది. ఆ విభాగానికి అధ్యక్షుడైన కాడ్‌మన్ సభ చివరలో ఒక పెద్ద వ్యంగ్యచిత్రాన్ని ఆవిష్కరించాడు. అందులో బోస్టన్ సంపన్నులు నివసించే బ్యాక్ బే ప్రాంత ప్రజలను ఇసుకలో తల దూర్చి, బంగారు గుడ్లను వైద్యుల వైపు తన్నుతున్న నిప్పుకోడిగా చిత్రించాడు. చికిత్సల అసలు ఫలితాలు తెలిస్తే ఆ పక్షి ఇంకా గుడ్లు పెడుతుందా అని ఆసుపత్రి ధర్మకర్తలు సందేహిస్తున్నట్లు చూపించాడు. సభలో తీవ్ర నిరసన చెలరేగింది. కాడ్‌మన్ అధ్యక్ష పదవిని, హార్వర్డ్‌లో బోధకుని ఉద్యోగాన్ని కోల్పోయాడు. ఆయన వద్దకు రోగులను పంపేవారు తగ్గి, ఆదాయం పడిపోయింది.

తరువాతి జీవితం

1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ నౌకాశ్రయంలో ఘోరమైన పేలుడు సంభవించినప్పుడు కాడ్‌మన్ అక్కడికి వెళ్ళి క్షతగాత్రులకు సేవలందించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యునిగా పనిచేశాడు. ఆయన ఆసుపత్రి మూతపడింది. 1920లో జేమ్స్ ఎవింగ్, జోసెఫ్ బ్లడ్‌గుడ్‌లతో కలిసి ఎముక క్యాన్సరు రోగుల వివరాలను దేశవ్యాప్తంగా సేకరించే పట్టికను ప్రారంభించాడు. ఎముక కణుతుల ఎక్స్-రే చిత్రాలలో కనిపించే ఒక గుర్తుకు కాడ్‌మన్ త్రికోణం అనే పేరు ఉంది.

1934లో తన పరిశోధనల సారాన్ని భుజం అన్న పేరుతో బృహద్గ్రంథంగా వెలువరించాడు. దీని ముందుమాటలో తన జీవితాన్ని, సంవత్సరాల వారీ ఆదాయంతో సహా, ఒక పటంగా గీసి చూపాడు. భుజం శస్త్రచికిత్సపై ప్రామాణిక గ్రంథంగా ఇది అనేక పర్యాయాలు పునర్ముద్రణ పొందింది.

కాడ్‌మన్ 1940 నవంబరు 23న చర్మానికి సంబంధించిన మెలనోమా క్యాన్సరుతో మరణించాడు. కేంబ్రిడ్జ్‌లోని మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో ఆయన సమాధి చాలా కాలం పేరు చెక్కిన రాయి లేకుండానే ఉంది. 2014లో అమెరికన్ శస్త్రవైద్యుల కళాశాల మరికొన్ని సంస్థలతో కలిసి అక్కడ సమాధిరాయిని నెలకొల్పింది.

ప్రభావం

1913లో ఏర్పడిన అమెరికన్ శస్త్రవైద్యుల కళాశాలలో ఆసుపత్రుల ప్రమాణాల సంఘానికి కాడ్‌మన్ తొలి అధ్యక్షుడు. ఆ సంస్థ 100 పడకలు దాటిన 692 ఆసుపత్రులను పరిశీలించి 1919లో ఫలితాలు వెల్లడించినప్పుడు, కనీస ప్రమాణాలను అందుకున్నవి 89 మాత్రమే అని తేలింది. ఈ కృషి నుండే 1951లో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ ఏర్పడింది. 1996లో ఆ సంస్థ ఆయన పేరిట ఒక పురస్కారాన్ని నెలకొల్పింది. ఒకప్పుడు ఆయన విడిచిపెట్టిన మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో శస్త్రచికిత్సల ఫలితాలను అధ్యయనం చేసే కేంద్రానికి ఆయన పేరే పెట్టారు.

నేడు రొటేటర్ కఫ్ శస్త్రచికిత్స ఎక్కువగా చిన్న రంధ్రాల ద్వారా, ఆర్త్రోస్కోప్ అనే దర్శిని సహాయంతో జరుగుతున్నది. ఎమ్మారై లేదా అల్ట్రాసౌండ్ ద్వారా స్నాయువు తెగిన తీరును ముందుగానే తెలుసుకుంటున్నారు. శస్త్రచికిత్సకు ముందు మధుమేహాన్ని అదుపులో ఉంచుకొనడం, పొగత్రాగడం మానడం, వాడుతున్న మందులను వైద్యునికి తెలపడం అవసరం. తరువాత సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు చేతిని స్లింగ్‌లో ఉంచి, క్రమంగా ఇతరుల సహాయంతో కదిలించే వ్యాయామాలు, ఆపై స్వశక్తితో చేసేవి, సుమారు మూడు నెలల తరువాత కండరాలను బలపరిచేవి చేయిస్తారు. లోలక వ్యాయామాన్ని ఎప్పుడు మొదలుపెట్టాలో తెగిన స్నాయువు పరిమాణాన్ని, కుట్టిన తీరును బట్టి శస్త్రవైద్యుడే నిర్ణయిస్తాడు. చేతిని కండర బలంతో పెద్దగా ఊపితే స్నాయువుపై ఒత్తిడి పడుతుంది కనుక, శరీరపు ఊపుతోనే అది కదిలేలా చూసుకోవాలి.

భుజం పూర్తిగా కోలుకొనడానికి ఆరు నెలల నుండి ఒక సంవత్సరం వరకు పడుతుంది. శస్త్రచికిత్స ఫలితాన్ని అప్పుడే తేల్చవచ్చునని కాడ్‌మన్ పట్టుబట్టిన గడువు కూడా ఇంచుమించు ఇదే.