ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు

ప్రతి ఏడూ వార్షికోత్సవం సమీపించగానే మన పాఠశాలలో ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఈసారి ఏ నాటకం వేయాలి, ఏ పాటలు పాడించాలి అన్నది ఆ ప్రశ్న. చాలా సంవత్సరాలుగా దీనికి సమాధానం సులువుగానే దొరుకుతున్నది. ఎక్కడో అచ్చయిన నాటిక ఒకటి, చలనచిత్రాలలోని పాటలు నాలుగు తెచ్చుకుంటే కార్యక్రమం గడిచిపోతుంది. ఈ ప్లాటినం జూబిలీ సన్నాహాలు మొదలైన రోజున తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె లేచి, మన నాటకానికి పాటలు మనమే ఎందుకు రాసుకోకూడదని అడిగింది. అప్పటికప్పుడు నేను తగిన సమాధానం చెప్పలేకపోయాను. ఇంటికి వెళ్ళి ఆలోచించగా, ఆ ప్రశ్నకు నూట ముప్పై ఏళ్ళకు పూర్వమే మన బళ్ళారిలో ఒక వకీలు సమాధానం చెప్పి ఉన్నారని స్ఫురించింది. ఆయనే ఆంధ్ర నాటక పితామహుడుగా ప్రసిద్ధికెక్కిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఈ సంచికలో ఆయన జీవితాన్ని మన విద్యార్థులకూ, తల్లిదండ్రులకూ పరిచయం చేయడం ఎంతైనా సముచితమని భావిస్తున్నాను.

ఆచార్యులవారు 1853లో పండిత కుటుంబంలో జన్మించారు. నాటి బళ్ళారి స్వరూపం వేరు. 1800లో నైజాము ఆంగ్లేయులకు వదలిన దత్త మండలాలలో భాగమై, మదరాసు రాజధానికి చెందిన జిల్లాగా అది విస్తరించి ఉండేది. నేటి అనంతపురం ప్రాంతం కూడా 1882 వరకు బళ్ళారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో తెలుగు, కన్నడం ఒకే వీధిలో, కొన్నిచోట్ల ఒకే ఇంటిలో వినిపించేవి. బజారులో ఒక భాష, ఇంట ఒక భాష, కచేరీలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరగడం అక్కడి బిడ్డలకు సహజం. ఆచార్యులవారు కూడా అటువంటి వాతావరణంలోనే పెరిగారు. సంస్కృతాంధ్రాలతోపాటు కన్నడమూ, ఆంగ్లమూ అభ్యసించారు. సంగీతంలోనూ అభినివేశం సంపాదించారు. న్యాయవాద పరీక్షలో ఉత్తీర్ణులై వకీలుగా స్థిరపడ్డారు. ఆ వృత్తి ఆయనకు జీవనాధారం మాత్రమే. మనసు మాత్రం రంగస్థలంపై ఉండేది.

అప్పటికి తెలుగులో ప్రదర్శనయోగ్యమైన నాటకాలు వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే. కోరాడ రామచంద్రశాస్త్రిగారి మంజరీమధుకరీయం 1860 ప్రాంతంలోనే వెలువడినా, అది రంగస్థలం ఎక్కలేదు. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థుల చేత నాటకం ఆడించారు. అదే కాలంలో ధార్వాడ నాటక సమాజంవారు తెలుగు పట్టణాలలో తిరుగుతూ ప్రదర్శనలు ఇచ్చారు. తెరలు, దుస్తులు, పాటలు, ఆ హంగు అంతా చూచి మన పట్టణాలలోని విద్యావంతులు ముగ్ధులయ్యారు. అటువంటి నాటకం తమ భాషలో లేకపోయెనే అన్న కొరత వారిని బాధించింది. వీధి భాగవతం, యక్షగానం మనకు తరతరాలుగా ఉన్నవే. అయితే వాటిని చదువుకున్నవారు చిన్నచూపు చూచే కాలమది. వేషం కట్టడం గౌరవప్రదమైన పని కాదని పెద్ద కుటుంబాలవారు తలచేవారు.

ఆచార్యులవారి తొలి నాటకం తెలుగులో కాదు, కన్నడంలో వెలువడింది. దాని పేరు స్వప్నానిరుద్ధం. తెలుగు కుటుంబంలో పుట్టిన వ్యక్తి కన్నడంలో కలం పట్టడం ఈ సీమవారికి ఆశ్చర్యం కలిగించదు. చుట్టూ ఉన్న ప్రేక్షకులకు ఏ భాష అందితే ఆ భాషలో రాయడం ఇక్కడి రచయితల సహజగుణం. కాని, తెలుగు మాట్లాడే జనం ఇందరు ఉన్నచోట తెలుగు నాటకం లేకపోవడం ఆయనకు లోపంగా తోచింది. ఎవరో రాసి పంపుతారని ఆయన వేచి చూడలేదు. 1886లో బళ్ళారిలో సరస వినోదినీ సభ అనే నాటక సమాజాన్ని స్థాపించి, దానికి కావలసిన నాటకాలను తామే రచించసాగారు. ఆ తొలి రోజులలో వెలువడిన తెలుగు నాటకమే చిత్రనళీయం. నలదమయంతుల కథ తెలుగువారికి కొత్త కాదు. అది రంగంపైకి వచ్చిన తీరు మాత్రం కొత్తది.

ఆ కొత్తదనమేమో నేటి విద్యార్థులకు కొంచెం వివరించాలి. సంస్కృత నాటకంలో కథ అంకాలుగా నడుస్తుంది. ఆచార్యులవారు ఆంగ్ల నాటకాల పద్ధతిని అనుసరించి అంకాలను రంగాలుగా విభజించారు. తెర మారినప్పుడల్లా స్థలం మారుతుంది. అడవి నుండి అంతఃపురానికి ప్రేక్షకుడు క్షణంలో చేరుకుంటాడు. ఇక భాషలో వచనం, పద్యం, పాట అనే మూడింటినీ కలిపారు. వచనం కథను ముందుకు నడుపుతుంది. పద్యం ఛందస్సుకు లోబడి, నటుని కంఠంలో రాగయుక్తంగా సాగి, పాత్ర మనోభావాన్ని నిలిపి చూపుతుంది. పాట తాళానికి కట్టుబడి, వాద్య సహకారంతో సభను కదిలిస్తుంది. తెలుగు నాటకంలో పాటకు అంతటి స్థానం కల్పించినవారు ఆచార్యులవారే. పాటల సాహిత్యం ఆయనదే, వరుసలు కట్టడమూ ఆయనే. నటులకు పాఠం చెప్పి, తానూ వేషం వేసేవారు. ధ్వనివర్ధక యంత్రాలు లేని ఆ రోజులలో చివరి వరుసలో కూర్చున్న శ్రోతకు సైతం సాహిత్యం స్పష్టంగా వినిపించాలంటే, మాటల పొందికా, కంఠ సాధనా రెండూ ఉండవలసిందే.

ఆచార్యులవారు రచించిన నాటకాలు సుమారు ముప్పై. పాదుకాపట్టాభిషేకం, భక్తప్రహ్లాద, సావిత్రీచిత్రాశ్వం, మోహినీరుక్మాంగద, ప్రమీలార్జునీయం, పాంచాలీస్వయంవరం మొదలైనవి పురాణ కథలు. రోషనార శివాజీ చరిత్రకు సంబంధించినది. వీటన్నిటిలో సాహసోపేతమైనది విషాద సారంగధర. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరునిపై సవతితల్లి చిత్రాంగి అపనింద మోపుతుంది. విచారణ లేకుండానే రాజు కుమారుని కాలుసేతులు నరికించమని ఆజ్ఞాపిస్తాడు. జనంలో ఉన్న కథ ప్రకారం ఒక సిద్ధుని అనుగ్రహంతో రాజకుమారునికి అవయవాలు తిరిగి వస్తాయి, కథ శుభంగా ముగుస్తుంది. నాటకం మంగళాంతంగానే ఉండాలని మన లాక్షణికుల మతం. ఆచార్యులవారు ఆ నియమాన్ని పక్కన పెట్టి, నాటకాన్ని విషాదంతోనే ముగించారు. తొందరపడి ఇచ్చిన తీర్పును ఏ మహిమా తిరిగి సరిదిద్దలేదన్న సత్యం ఆ ముగింపులో ఉన్నది. నిత్యం న్యాయస్థానంలో తీర్పులు వింటూ ఉన్న వకీలు ఈ కథను ఈ విధంగా ముగించడంలో ఔచిత్యమున్నదని నాకు తోస్తుంది.

సరస వినోదినీ సభ కీర్తి బళ్ళారి పొలిమేర దాటింది. 1891లో సభవారు మదరాసు వెళ్ళి విక్టోరియా పబ్లిక్ హాలులో నాటకాలు ప్రదర్శించారు. ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ ముదలియారు అనే పద్దెనిమిదేళ్ళ తమిళ యువకుడు కూడా ఉన్నాడు. అప్పటి తమిళ నాటకాలంటే ఆయనకు ఏవగింపు. వకీళ్ళు, ఉద్యోగులు, చదువుకున్నవారు ఎటువంటి సంకోచమూ లేకుండా వేషాలు కట్టి, శ్రద్ధగా నటించడం చూచి ఆయన అభిప్రాయం పూర్తిగా మారింది. ఆ సంవత్సరమే జులై 1న మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించారు. తరువాతి కాలంలో తొంభైకి పైగా నాటకాలు రచించి, ఆధునిక తమిళ నాటకానికి పితృస్థానీయుడని పేరు పొందారు. ఒక బళ్ళారి తెలుగు సమాజం ఇచ్చిన ప్రదర్శన తమిళ నాటక చరిత్రను మలుపు తిప్పిందన్నమాట. ఎల్లలో నివసించే మనం చిన్నవారమని తలచే పిల్లలకు ఈ సంఘటన చెప్పి తీరాలి.

బళ్ళారిలోనే ఆచార్యులవారికి సమఉజ్జీ ఒకరు ఉన్నారు. వారు కోలాచలం శ్రీనివాసరావుగారు. ఆయన జన్మించినది 1854లో. ఆయన కూడా వకీలే. సుమనోరమ సభకు నాటకాలు రచించి ఇచ్చారు. ఆయన దృష్టి పురాణాలకంటె చరిత్రపై ఎక్కువ. విజయనగర పతనాన్ని నాటకంగా మలచి, ఆంధ్ర చారిత్రక నాటక పితామహుడని ప్రఖ్యాతి పొందారు. ఒకే పట్టణంలో రెండు సభల మధ్య పోటీ ఏర్పడింది. ఆ పోటీ వలన ఇద్దరి కలాలూ పదునెక్కాయి. బళ్ళారి ప్రేక్షకులకు ఏటేటా కొత్త నాటకాలు లభించాయి.

ఆచార్యులవారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880లో జన్మించిన ఈయనే తరువాత బళ్ళారి రాఘవగా దేశవిఖ్యాతుడయ్యారు. నాటకంలో ఓనమాలు మేనమామ వద్దనే దిద్దుకున్నారు. వృత్తిలోనూ మామ బాటనే నడచి న్యాయవాది అయ్యారు. అయినా, నాటక విషయంలో మామ మార్గాన్ని యథాతథంగా స్వీకరించలేదు. కోలాచలంవారి నాటకంలో పఠాన్ రుస్తుం పాత్ర ధరించి పేరు తెచ్చుకున్నారు. రంగంపై రాగాలు తీయడంకంటె, మాటను భావయుక్తంగా పలకడం ముఖ్యమని ఆయన విశ్వాసం. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగస్థలానికి తెచ్చారు. 1946లో మరణించేవరకు ఆ మాటపైనే నిలిచారు.

ఈ సందర్భంలో ఆచార్యులవారి నాటకాలలోని లోపాన్ని కూడా చెప్పుకోవడం న్యాయం. వాటిలో పాటలు మితిమీరి ఉన్నాయని విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. ఆయన వేసిన బాట వెంట వచ్చిన నాటక సమాజాలలో కొన్ని పాటను కథకోసం కాక, పాటకోసమే పాడించాయి. నటుడు గంటల తరబడి రాగం సాగదీయడం, ప్రేక్షకులు వన్స్‌మోర్ అని కేకలు వేయడం, కథ అక్కడే ఆగిపోవడం పరిపాటి అయినది. దుఃఖంలో మునిగిన పాత్ర కూడా చప్పట్లకోసం పాడినదే పాడవలసి వచ్చేది. రాఘవగారి పట్టుదలకు కారణం ఇదే. మామ పాటను ప్రవేశపెట్టారు. పాటకు హద్దు ఎక్కడ ఉండాలో మేనల్లుడు చూపారు. ఒక తరం పనిని మరొక తరం సరిదిద్దుతూ పోవడంలోనే కళకు ఆయుర్దాయమున్నది.

ఆచార్యులవారు 1912లో కీర్తిశేషులయ్యారు. నలభై ఒక్క సంవత్సరాల తరువాత, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆ రాష్ట్రంలో చేరాయి. బళ్ళారి పట్టణం మైసూరు రాష్ట్రంలో చేరింది. దానితో ఆంధ్ర నాటక పితామహుని కార్యక్షేత్రం ఆంధ్ర రాష్ట్రానికి వెలుపల నిలిచిపోయింది. అక్కడి పాఠ్యపుస్తకాలలో ఆయన ప్రస్తావన అరుదు. ఇక్కడి పాఠ్యపుస్తకాలలో మరీ అరుదు. ఆయనను స్మరించవలసిన బాధ్యత ముఖ్యంగా మనవంటి పాఠశాలలదే. తెలుగు మాధ్యమంలో చేరే పిల్లలు పూర్వమంత మంది లేరన్న విషయం తల్లిదండ్రులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగు చదివి ఏమి ప్రయోజనమని అడిగేవారు ప్రవేశాల సమయంలో ప్రతి ఏడూ ఎదురవుతూనే ఉన్నారు. వాదనతో వారిని ఒప్పించడం కష్టం. తమ బిడ్డ తెలుగులో సొంతంగా రాసిన పాటను, తన నోట రంగస్థలంపై విన్ననాడు ఆ తల్లిదండ్రులకు సమాధానం లభించవచ్చు.

ఆచార్యులవారి చేతిలో పెద్ద ధనం లేదు, వెనుక రాజాశ్రయం లేదు. పగలు న్యాయస్థానం, సాయంత్రం సాధన. అందుబాటులో ఉన్న మిత్రులే నటులు. తెలిసిన రాగాలే సంగీతం. ఇంటింటా విన్న కథే వస్తువు. మన విద్యార్థులకు కూడా ఇవన్నీ ఉన్నవి. అందుచేత ఈ ప్లాటినం జూబిలీ నాటకాన్ని మన పిల్లలే రచించాలని ఉపాధ్యాయవర్గం నిర్ణయించింది. పాటలు కూడా వారివే. ఛందస్సు తప్పినచోట తెలుగు ఉపాధ్యాయులు సరిదిద్దుతారు. కథను మాత్రం మేము ముట్టుకోము. ప్రశ్న అడిగిన బాలిక ఇప్పటికి రెండు పాటలు రాసి తెచ్చింది. ఒక పాటలో పల్లవి చక్కగా కుదిరింది, చరణం ఇంకా కుదరవలసి ఉన్నది.

హార్మోనియం, తబలా తెలిసిన పూర్వ విద్యార్థులు ఈ ఊళ్ళోనే కొందరు ఉన్నారని ఎరుగుదును. సాయంత్రం బడి విడిచిన తరువాత ఒక గంట వచ్చి పిల్లలకు వరుసలు కట్టడం నేర్పవలసిందిగా వారిని సవినయంగా కోరుతున్నాను. ఆచార్యులవారి సభ కూడా పగటి పనులు ముగించుకొని వచ్చినవారితోనే నడచింది.