హాఫ్‌కిన్ మహాశయుడు

కృష్ణానది పులిగడ్డకడ రెండు పాయలుగా చీలి, దివిసీమను నడుమ నుంచుకొని సముద్రమున కలియుచున్నది. దివిసీమకు ఈశాన్యమున మచిలీపట్టణమును, ఇంకను లోపలికి గుడివాడయు కలవు. ఈ ప్రాంతమున నేలను త్రవ్విన ఉప్పునీరు పడు తావులు పెక్కు. అందుచే కాలువనీటిని చెరువులకు పెట్టుకొని, ఆ నీటినే త్రాగుట ఇచటి గ్రామములకు తరతరముల అలవాటు. చెరువు శుభ్రముగా నున్నంతకాలము ఊరు చల్లగా నుండును. అది చెడెనా, వాంతిభేదియని పెద్దలు చెప్పుకొను కలరా ఊరిలో ప్రవేశించును. ఉదయమున పొలమునకు పోయిన రైతు సాయంకాలమునకు లేకపోవుట పూర్వము అరుదైన సంగతి కాదు.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన మచిలీపట్టణముపై ఉప్పెన విరుచుకొనిపడెను. సుమారు 30,000 మంది మరణించిరి. ఉప్పెన వెంట వచ్చు కలరాను ఆపగల మందు ఆనాడు ప్రపంచమున ఎచ్చటను లేదు. దానిని కనుగొనబోవు వాల్డెమార్ హాఫ్‌కిన్ అప్పటికి నాలుగేండ్ల బాలుడు.

ఆయన 1860వ సంవత్సరమున నల్లసముద్రతీరమందలి ఒడెస్సా నగరమున యూదు కుటుంబమున జన్మించెను. ఆ నగరపు విశ్వవిద్యాలయమున సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్తయగు మెచ్నికోవ్ ఆయనకు గురువు. రష్యాలో యూదులపై దాడులు జరుగు దినములవి. తనవారిని కాపాడబోయి హాఫ్‌కిన్ గాయపడెను, చెఱసాలకును పోయెను. మెచ్నికోవ్ పూనికతో విడుదల లభించినను ఆ దేశమున ఆయనకు తగిన పదవి దొరకలేదు. 1888లో జెనీవాకును, మరుసటి యేడు పారిసు నగరమునకును వెళ్లెను. పాశ్చరు పరిశోధనాలయమున దొరికిన కొలువు గ్రంథాలయ సహాయకునిది. పగలు పుస్తకములు సర్దుచు, తీరిక దొరికినపుడెల్ల సూక్ష్మజీవులను పరిశీలించుచు ఆయన కాలము గడపెను. పెద్ద కార్యములు చిన్న కొలువులలో మొదలగుట లోకమున క్రొత్త గాదు.

కలరా సూక్ష్మజీవులను బలహీనపఱచి ఒక మందును, వాని బలము పెంచి మరియొక మందును ఆయన సిద్ధము చేసెను. మొదటిది వేసిన కొలది దినములకు రెండవదానిని వేయవలెను. మొదటి మందుతో దేహము శత్రువును గుర్తించును, రెండవదానితో ఆ గుర్తు గట్టిపడును. 1892వ సంవత్సరము జూలై 18వ తేదీన ఆయన ముందుగా తన దేహముననే సూది గ్రుచ్చుకొనెను. జ్వరము వచ్చి తగ్గెను.

1893లో హాఫ్‌కిన్ భారతదేశమునకు వచ్చెను. మరుసటి వత్సరము కలకత్తా ఆరోగ్యాధికారియగు సింప్సన్ ఆయనను ఆహ్వానించెను. కఠల్‌బగాన్ అను బస్తీలో సుమారు 200 మంది ఉండగా 116 మంది సూదిమందు వేయించుకొనిరి. పిమ్మట అచట కలరా సోకినవారందఱును మందు వేయించుకొననివారే! ఈ వార్త విని బస్తీలవారు ముందుకు వచ్చిరి. అస్సాము తేయాకు తోటలకును ఆయన తిరిగెను. 1895లో మలేరియాచే క్షీణించి ఐరోపాకు మరలునాటికి సుమారు 42,000 మందికి టీకా వేయబడెను.

ఇచట హాఫ్‌కిన్ చేసిన పని, సూదిమందు కనుగొనుటకంటె గొప్పదని చెప్పవచ్చును. ఒకే యింటిలో, ఒకే నీరు త్రాగుచు, టీకా పొందినవారును పొందనివారును ఉన్న చోట్లను ఎంచుకొని, వారిలో కలరా ఎవరికి ఎపుడు సోకెనో మాసములకొలదిగా ఆయనయు సింప్సనును లెక్క వ్రాయించిరి. మొదటి నాలుగైదు దినములు మందు ఇంకను పనిచేయదని తేలెను. పిమ్మట సుమారు ఒక వత్సరము రక్షణ బలముగా నుండెను. ఆపై అది తగ్గజొచ్చెను. తన మందు గొప్పదని చాటుకొనగోరువాడు మొదటి యేటి లెక్కతోనే ఆగియుండును. హాఫ్‌కిన్ ఆగలేదు. టీకా పొందియు కాలము గడచిన పిదప రోగము వచ్చినవారిని సైతము లెక్కలో చేర్చెను.

రక్షణ ఏల తగ్గును? టీకా పడగానే దేహము సూక్ష్మజీవిని ఎదుర్కొను ప్రతిరక్షకములను తయారుచేయును. అవి రక్తమున కొంతకాలము నిండుగా ఉండి క్రమముగా తగ్గిపోవును. అయితే శత్రువును గుర్తుంచుకొను జ్ఞాపక కణములు కొన్ని మిగులును. బాలుడు పదమూడవ ఎక్కమును ఒకమాఱు నేర్చి విడిచినచో కొంత మఱచును. మరల వల్లించినపుడు మొదటిమాఱు పట్టినంత కాలము పట్టదు, ఈమాఱు ఎక్కువకాలము నిలుచును. మరల వేయు మోతాదు చేయు పని ఇట్టిదే. కాని అన్ని టీకాలును ఒకే తీరువి కావు. తట్టు టీకా రెండు మోతాదులతో చాలమందికి జీవితాంతము నిలుచును. కలరా సూక్ష్మజీవి ప్రేగులలో నివసించును. చేతికి వేసిన సూదిమందు వలన రక్తమున పుట్టిన ప్రతిరక్షకములు అచటికి చేరునవి తక్కువ. అందుచే దాని రక్షణ త్వరగా సన్నగిల్లును.

1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలెను. హాఫ్‌కిన్ మూడు మాసములు రేయింబవళ్లు శ్రమించి దానికిని టీకా తయారుచేసి, 1897 జనవరి 10వ తేదీన మరల తనకే వేసికొనెను. ఇప్పుడు కీర్తి మిన్నుముట్టెను. అంతలోనే పిడుగు పడెను. 1902 అక్టోబరు 30వ తేదీన పంజాబునందలి ముల్కోవాల్ గ్రామమున 107 మందికి ప్లేగు టీకా వేయగా, ఒకే సీసా మందు పొందిన 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. ఆ సీసా బిరడా తీయు పటకారు నేలపై పడగా సరిగా శుద్ధిచేయకయే వాడిరని పిదప బయటపడెను. కాని నింద ముందుగా హాఫ్‌కిన్‌పైననే పడెను. ఆయనను పదవినుండి తొలగించిరి. రొనాల్డ్ రాస్ మున్నగు శాస్త్రజ్ఞులు ఆయన పక్షమున నిలిచి పోరాడగా, 1907లో నిర్దోషియని తేలెను. ఐదేండ్లు మాత్రము తిరిగి రాలేదు. కలకత్తాలో మరల ఉద్యోగమిచ్చిరేగాని మనుష్యులపై క్రొత్త ప్రయోగములకు అనుమతి దొరకలేదు. ఆ పిదప ఐరోపాకు మరలిపోయి, 1930లో లోజాన్ నగరమున కన్నుమూసెను. బొంబాయిలో ఆయన నెలకొల్పిన ప్రయోగశాలకు 1925లోనే ఆయన పేరు పెట్టిరి.

ఆ 19 మందిని బలిగొన్న ధనుర్వాతమునకు నేడు టీకా కలదు. అదియు మరల మరల వేయవలసినదే. శైశవమున మూడు మోతాదులు, ఏడాదిన్నర ప్రాయమున ఒకటి, ఐదారేండ్లకు ఒకటి, పదియవ యేట ఒకటి, పదునాఱవ యేట ఒకటి వేయుదురు. ఎనిమిదవ తరగతి బాలబాలికలు ఈ చివరి రెంటి నడుమ నున్నారు.

హాఫ్‌కిన్ మార్గమున వచ్చిన కలరా సూదిమందును జాతరలకు, పుష్కరములకు పోవువారికి చిరకాలము వేసిరి. అయినను 1960 ప్రాంతముల జరిగిన పరీక్షలలో దాని రక్షణ కొలది మాసములదే యని రూఢియయ్యెను. విదేశప్రయాణమునకు కలరా టీకా పత్రము అక్కఱలేదని 1973లో ప్రపంచ ఆరోగ్య మహాసభ నిర్ణయించెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచి వేలమందిని బలిగొనినపుడు చెరువులు ఉప్పునీటితోను కళేబరములతోను నిండెను. అట్టిచోట ఒక్క సూదిమందును నమ్ముకొనుట చాలదు. నీటిని మరగించి త్రాగవలెను, బ్లీచింగు పొడితో శుద్ధిచేయవలెను.

తరువాత నోటితో త్రాగు టీకా వచ్చెను. ఇది ప్రేగులలోనే రక్షణ పుట్టించును. హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ తయారుచేసిన అట్టి టీకాకు 2009లో అనుమతి లభించెను. దానిని పరీక్షించిన స్థలము హాఫ్‌కిన్ తిరిగిన కలకత్తా నగరపు బస్తీలే. 66,900 మందికి 2006లో టీకానో, పోల్చిచూచుటకు టీకా కాని ద్రవమునో రెండేసి మోతాదులుగా నిచ్చి, ఆ నాటి వలెనే ఎవరికి ఎపుడు కలరా సోకెనో ఐదేండ్లు లెక్క వ్రాసిరి. మొత్తముమీద వ్యాధి 100కి 65 వంతులు తగ్గెను. ఐదేండ్లు నిండని పసివారిలో మాత్రము రక్షణ అంతకంటె తక్కువయని ఆ లెక్కలోనే తేలెను.