కర్నూలు ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్

గులాం రసూల్ ఖాన్ 1823లో కర్నూలు గద్దెనెక్కారు. కంపెనీకి కప్పం కట్టే చిన్న సంస్థానం అది. అయినా లోపల్లోపల ఫిరంగులు పోత పోయించారు, తుపాకులు, మందుగుండు పోగు చేయించారు. 1839లో కంపెనీ సైన్యం వచ్చి సోదా చేస్తే తోటల్లో, జనానాలో కూడా ఆయుధాలు బయటపడ్డాయి. ఆ అక్టోబర్‌లో జోహరాపురం దగ్గర లడాయి జరిగింది. నవాబు పట్టుబడ్డారు. ఆయన్ని తిరుచిరాపల్లికి తరలించారు. 1840లో అక్కడే కత్తిపోటుకు ప్రాణం విడిచారు. సంస్థానం కంపెనీ పరమైంది.

పాత ఆయుధాలు కొనేవాళ్లు ఇనుము బరువు చూడరు. అది ఎవరిది, ఏ లడాయిలోది అని అడుగుతారు. ఆ లెక్కన కర్నూలు ఫిరంగుల ఖరీదు ఒక గద్దె, ఒక ప్రాణం. కొండారెడ్డి బురుజు చూపించేటప్పుడు పిల్లలకు ఆయన పేరు కూడా చెప్పండి.