ఆంబోను ద్రష్ట రంఫియస్

సుగంధద్రవ్యములకై ప్రాచ్యసముద్రములలో ఓడలు నడపిన ఐరోపావారిలో పెక్కుమంది ధనము గడించి స్వదేశములకు మరలిరి. కొందఱు దారిలోనే గతించిరి. అట్లు వచ్చి, మరల జన్మభూమిని చూడక, ఒక చిన్న దీవిలోని చెట్టుచేమలను, అలలక్రింది ప్రాణులను, అచ్చటి జనుల యాచారములను తెలిసికొనుటలో దాదాపు అర్ధశతాబ్ది గడపినవాడు గేయోర్గ్ ఎబర్హార్డ్ రంఫియస్. ఆ దీవి ఆంబోను. నేటి ఇండొనీషియా తూర్పుభాగమున, మొలక్కా దీవులలో, భూమధ్యరేఖకు దక్షిణముగ నున్నది.

రంఫియస్ 1627లో జర్మనీయందలి హెస్సె ప్రాంతమున జన్మించెను. లోకము చూడవలెనను కోరికతో, 1652 చివర సైనికుడుగా డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడ నెక్కెను. బటేవియా మీదుగా ఆంబోను చేరిన కొంతకాలమునకు కత్తి విడిచి వర్తకోద్యోగి యయ్యెను. కంపెనీకి కావలసినది లవంగము. ఆ వ్యాపారము పరులపాలు కాకుండుటకై, తన యధీనమున లేని దీవులలోని లవంగపు చెట్లను కంపెనీ నఱికించుచున్న కాలమది. ఆ కంపెనీ జీతము తినుచున్న రంఫియస్ మాత్రము కాసు విలువ చేయని గడ్డిపోచను గూడ వదలక పరిశీలించెను.

హీల యను తీరగ్రామమున నివసించుచు, ఆతడు అడవులలో తిరిగెను. పోటు తీసిన వేళ పగడపుదిబ్బల వెంబడి గవ్వలను, పీతలను, నక్షత్రపుచేపలను సేకరించెను. కడలి లోతులయందు బ్రదుకు నాటిలస్ అను ప్రాణిని గూర్చియు, దాని చిప్పను జనులు పానపాత్రగా వాడుటను గూర్చియు వ్రాసెను. ఏ మొక్కను వర్ణించినను దాని స్థానికనామము, ఔషధగుణము, వంటకములలోని యుపయోగము, దానిని గూర్చిన నమ్మకములు కూడ చేర్చుట ఆతని పద్ధతి. ఓషధులు సేకరించుటలో భార్య సుసన్నా తోడ్పడెను. ఒక తెల్లని పూవునకు ఆతడు ఆమె పేరే పెట్టెను.

1670లో రంఫియస్‌కు చూపు పోయెను. అప్పటికి గ్రంథము లాటినుభాషలో కొంత సాగియుండెను. ఆ భాషలో చెప్పినది వ్రాయగల లేఖకుడు ఆ దీవిలో లేడు. అందుచే ఆతడు వ్రాసినదంతయు ప్రక్కకు పెట్టి, డచ్చిభాషలో మొదటినుండి చెప్పి వ్రాయించెను. ఆకును వ్రేళ్లతో తడిమి, పూవును వాసన చూచి, ఇతరుల కన్నులు చూచినదానిని చెవులతో విని పని సాగించెను.

1674 ఫిబ్రవరి 17న, ఊరిలోని చీనావారు నూతనసంవత్సరోత్సవము జరుపుకొనుచుండగా భూమి కంపించెను. కూలిన గోడక్రింద ఆతని భార్యయు, కుమార్తెయు మరణించిరి. ఉప్పొంగిన సముద్రము తీరగ్రామములను ముంచగా, ఆ యుత్పాతమున రెండువేలకు పైగా జనులు గతించిరి. అంతటి దుఃఖములోను రంఫియస్ ఆ విపత్తు వివరములన్నియు గ్రంథస్థము చేయించెను.

ఆపద లంతటితో ఆగలేదు. 1687లో నగరమున రేగిన అగ్ని ఆతని గ్రంథాలయమును, పెక్కు వ్రాతప్రతులను, మొక్కల చిత్రములను దహించెను. కుమారుడును మఱికొందఱు చిత్రకారులును వానిని మరల గీచిరి. 1692లో వృక్షగ్రంథపు తొలిభాగములను హాలెండునకు గొనిపోవుచున్న ఓడను ఫ్రెంచివారు ముంచిరి. అదృష్టవశమున, బటేవియాలోని గవర్నర్ జనరల్ కాంఫౌస్ ఆ గ్రంథమును పంపుటకు ముందే నకలు తీయించియుండెను. ప్రకృతిశాస్త్రాభిమానియైన ఆ యొక్కని ముందుచూపే లేకున్నచో, ఇరువదేండ్లకు మించిన అంధుని శ్రమ నీటిపాలయ్యెడిది. గ్రంథము తుదకు హాలెండు చేరినను, అందలి విషయములు పోటీవర్తకులకు తెలియునను శంకతో కంపెనీ దానిని అచ్చున కీయలేదు.

1702లో రంఫియస్ ఆంబోనులోనే కన్నుమూసెను. గవ్వలు, పీతలు, శిలలను గూర్చిన ఆతని గ్రంథము 1705లో వెలువడెను. వృక్షగ్రంథము 1741 నుండి 1750 వఱకు ఆఱు సంపుటములుగా అచ్చయ్యెను. దాదాపు 1200 మొక్కల వర్ణన లందున్నవి. వృక్షశాస్త్రజ్ఞులు నేటికిని దానిని సంప్రదించుచున్నారు.

నేడు ఆంబోను అఖాతమున మునిగి, ఆ సాగరజీవులను కన్నులార చూచుటకు దూరదేశములనుండి యాత్రికులు పోవుచున్నారు. కొన్ని దినములు చూచి మరలుట సులభము. అచ్చటనే యుండి, అచ్చటి జాలరిని, వైద్యుని, వంటయింటి యిల్లాలిని గురువులుగా నెంచి నేర్చుకొనుట కష్టము. రంఫియస్ చేసిన దదియే. కన్నులు పోయిన పిదప ఆతనికి ఆ దీవి కనబడుచుండినది అట్టివారి మాటలలోనే.