జార్జ్ క్లాడ్: షాపు బోర్డుల్ని నియాన్‌తో వెలిగించిన ఇంజినీర్.. జైలుకెందుకెళ్లారు?

షాపు బోర్డుకు లైటింగ్ అంటే ఇప్పుడు అందరి చూపూ ఎల్‌ఈడీ మీదే. అంతకుముందు కొన్ని దశాబ్దాల పాటు రాజ్యమేలింది మాత్రం నియాన్ బోర్డే. గాజు గొట్టాన్ని అక్షరాల్లా వంచి వెలిగించే ఆ బోర్డు వెనకున్న మనిషి ఫ్రెంచ్ ఇంజినీర్ జార్జ్ క్లాడ్.

1870లో పారిస్‌లో పుట్టిన క్లాడ్, 1902లో పాల్ డెలోర్మ్‌తో కలిసి ఎయిర్ లిక్విడ్ కంపెనీ పెట్టారు. గాలిని ద్రవంగా మార్చి ఆక్సిజన్ తీసి అమ్మడం వాళ్ల వ్యాపారం. అలా తీయగా మిగిలిందే నియాన్. దీన్ని ఏం చేయాలి? గాజు గొట్టంలో నింపి కరెంటు పంపితే ఎర్రగా భలే వెలిగింది. కానీ ఎక్కువ రోజులు నిలవలేదు. గ్యాస్‌లో మలినాలు చేరేవి, చివర్లలోని ఎలక్ట్రోడ్లు అరిగిపోయేవి. ద్రవ గాలితో చల్లబరిచిన బొగ్గుతో గ్యాస్‌ను శుద్ధి చేసి, ఎలక్ట్రోడ్ల సైజు పెంచారు క్లాడ్. అసలు కిటుకు అదే. 1915లో దానికి అమెరికా పేటెంట్ కూడా వచ్చింది.

1910 డిసెంబర్‌లో పారిస్ మోటార్ షోలో దాదాపు 12 మీటర్ల పొడవున్న రెండు గొట్టాలు వెలిగించారు. జనం నోరెళ్లబెట్టారు. అయితే ఇంట్లో ఎర్ర లైటు ఎవరు పెట్టుకుంటారు? అడ్వర్టైజింగ్‌కు వాడదామని సహచరుడు జాక్ ఫోన్సెక్ ఐడియా ఇచ్చారు. 1912లో పారిస్‌లోని ఒక బార్బర్ షాపు మీద తొలి నియాన్ బోర్డు వెలిగింది. నీలం రంగు కావాలంటే ఆర్గాన్‌లో కాస్త పాదరసం ఆవిరి కలిపితే సరి. ఆ తర్వాత అమెరికా వీధులూ ఈ వెలుగులతో నిండిపోయాయి.

బోర్డుల దగ్గరే ఆగిపోలేదాయన. 1930లో క్యూబా తీరంలో సముద్రపు పైనీళ్లకూ లోతునీళ్లకూ ఉండే వేడి తేడాతో 22 కిలోవాట్ల కరెంటు తీసి చూపించారు.

తర్వాతే కథ అడ్డం తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌ను ఆక్రమించిన నాజీలకు క్లాడ్ బహిరంగంగా మద్దతిచ్చారు. రాతలు రాశారు, సభల్లో మాట్లాడారు. ఎవరి బలవంతమూ లేదు. 1944లో సైన్స్ అకాడమీ ఆయన్ను గెంటేసింది. 1945లో కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. సముద్రపు కరెంటు పరిశోధనను లెక్కలోకి తీసుకుని 1950లో విడిచిపెట్టారు. పదేళ్ల తర్వాత, 1960 మేలో, పారిస్ పక్కనే ఉన్న సెయింట్ క్లౌడ్‌లో కన్నుమూశారు.