టి.నగర్‌లో 'టి' అంటే మన త్యాగరాయ శెట్టి గారు

కావేరిపాక్కం, గుడియాత్తం, వేలూరు మగ్గాల ఇళ్లవాళ్లం మద్రాసు పోతే టి.నగర్ బట్టల అంగళ్లు చూడకుండా తిరిగి రాము. ఆ 'టి' ఎవరో మన పిల్లలకు చెప్తున్నామా? ఆయన పిట్టి త్యాగరాయ శెట్టి గారు. మనలాగే తెలుగు మాట్లాడే నేతింటి బిడ్డ.

1852లో దేవాంగుల ఇంట పుట్టారు. బి.ఏ. చదివినా మగ్గాన్ని వదల్లేదు. వణ్ణారపేట వైపు నూరు దాకా మగ్గాలు నడిపించారు. తాడు లాగితే నాడె పరుగెత్తే ఫ్లైషటిల్ మగ్గాలు తెచ్చి పెట్టారు. బళ్లకు, గుళ్లకు చెయ్యి చాచి ఇచ్చారు. ఎప్పుడూ తెల్లబట్టలే. అందుకే తమిళులు 'వెళ్లుడై వేందర్', అంటే తెల్లబట్టల రాజు, అన్నారు.

1920 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ గెలిచింది. ముఖ్యమంత్రి పదవి గడప దాకా వస్తే వద్దన్నారు. ఎ.సుబ్బరాయలు రెడ్డియార్ గారు ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్నప్పుడే, ఆకలికి పిల్లలు బడి మానేస్తున్నారని, ఆయిరం విళక్కు కార్పొరేషన్ బడిలో మధ్యాహ్నం తిండి పెట్టించారు. బిడ్డకు రోజుకు అణాకు మించని ఖర్చు. తర్వాత ఇంకో నాలుగు బళ్లలో పెట్టారు. 1922-23లో 811 మంది ఉన్న ఆ ఐదు బళ్లలో 1924-25కి 1,671 మంది చేరారు. సర్కారు ఖర్చుకు ఒప్పుకోక, 1925 ఏప్రిల్ 1 నుంచి అది ఆగిపోయింది. ఆ ఏడాదే శెట్టి గారూ కన్నుమూశారు.

ఆగినా ఆ ఆలోచన చావలేదు. ఈరోజు మన పిల్లలు బడిలో తినే అన్నానికి తొలి పొయ్యి వెలిగించింది మన నేతింటి పెద్దాయనే. ఈ మాట ప్రతి ఇంట్లో చెప్పుకుందాం.